చివరి ఇంటి బిందె

మార్చి 2, సోమవారం

ఈ రిజిస్టర్‌లో నూట ఆరు పేజీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చొని లెక్కపెట్టాను.

పండగ ముందు దులుపుళ్లలో అటక మీద దొరికింది. అల్మరా అరల్లో పరవడానికి అమ్మ పేజీలు చింపబోతుంటే లాక్కున్నాను.

"అదేటి సేసుకుంటావే? మీ నాన్న గీతలు తప్ప ఏటీ లేవందులో."

"వెనక ఖాళీయే కదమ్మా. నాకు రాసుకోడానికి కావాల."

అమ్మ ఒక్క క్షణం అట్ట మీద చెయ్యి పెట్టి, తర్వాత వదిలేసింది. నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆయన వస్తువు ఇంట్లో ఎవరి చేతికైనా వెళ్తే అమ్మ ఇలాగే ఒక్క క్షణం ఆగి వదులుతుంది.

ముందు సగం నాన్నది. 2012వ సంవత్సరం. రాయగడ వీధుల్లో మునిసిపాలిటీ నీళ్ల వాల్వులు తిప్పడం నాన్న ఉద్యోగం. ఆఫీసు రిజిస్టర్ గుమాస్తా ఒడియాలో రాసేవాడు. ఇది నాన్న సొంతానికి, తెలుగులో. తేదీ, వీధి, తెరిచిన వేళ, మూసిన వేళ. ఆ పక్కన ప్రతి వరుసలోనూ ఒకటే ముక్క: "సివరి ఇల్లు నిండింది." నాన్న మాట్లాడినట్టే రాసేవాడు. మొదటి పేజీలో నాలుగైదు చోట్ల "సి" మీద పెన్సిల్‌తో "చి" అని దిద్దాను. చేతికి దురద.

సోమేశ్వరరావు సార్ రోజూ ఒక పేజీ తెలుగులో రాయమన్నారు. కాలేజీలో మా ప్రాజెక్టు చూసేది ఆయనే. "ఇంగ్లీషు తర్వాత వస్తుందమ్మా. ముందు నీకు తెలిసిన మాటల్లో తేల్చుకో. తేలని ఆలోచన ఏ భాషలోనూ తేలదు" అంటారు. అందుకని టూల్స్ డాక్యుమెంటేషన్ చిత్తు ప్రతులు కూడా ఇందులోనే రాస్తాను.

ఈరోజు నచ్చిన మాట: ఆనవాలు.


మార్చి 4, బుధవారం

బాలాదిత్య అన్న (మా ల్యాబ్‌లో సీనియర్) ఒక చిట్కా చెప్పాడు. ఏదైనా టూల్ గురించి రాసే ముందు అది ఇంట్లోవాళ్లకి చెప్పి చూడాలట. అమ్మ వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చున్నాను.

"పెద్ద కంప్యూటర్ ఒకటుంటాదమ్మా. దాని లోపల గదులు కట్టినట్టు సిన్న సిన్న కంప్యూటర్లు తయారుసేస్తారు. వాటిని వర్చువల్ మెషిన్లంటారు."

"ఇటికలతోనేటి?"

"ఇటికలుండవు. ఉత్తి లెక్కలే."

"మరి అద్దెకిస్తారా?"

"ప్రాజెక్టులు చేసే పిల్లలకిస్తారు. గది తెరవడం, వాడనప్పుడు ఆపడం, పనైపోయాక తీసెయ్యడం, ఇవన్నీ ఇన్నాళ్లూ బాలాదిత్య అన్న చూసేవాడు. ఇకమీదట ఏజెంట్ అని ఒక ప్రోగ్రాం చూస్తాది. తెరవడానికొక పనిముట్టు, ఆపడానికొక పనిముట్టు ఉంటాయి దానికి. ఏది ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో నేను రాస్తున్నాను."

"దానికి తెలీదేటి?"

"మనం రాసిందే దానికి తెలుసు."

అమ్మ వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసింది. "అంటే కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పినట్టు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో సెప్పకుండా, కూర సప్పగుందని దాన్ని తిడితే ఏటి లాభం?"

ఇది బాలాదిత్య అన్నకి చెప్పాను. పడీ పడీ నవ్వాడు. తర్వాత ఒక కాగితం మీద రాసి ల్యాబ్ గోడకి అంటించాడు.


మార్చి 5

జాబితా చూపే టూల్, కొత్త మెషిన్ తెరిచే టూల్ పూర్తి. మెషిన్లకి మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టాం. కాశీపూర్, బిస్సమ్ కటక్, బంధుగాం. "బిస్సమ్ కటక్ నెమ్మదిగా ఉంది" అని ఎవరైనా అంటే ఆ ఊరిమీద చాడీ చెబుతున్నట్టు ఉంటుంది.


మార్చి 9, సోమవారం

ఈ రోజంతా ఒక్క వాక్యం మీదే గడిచిపోయింది.

మెషిన్‌ని ఆపే టూల్ గురించి బాలాదిత్య అన్న ఇచ్చిన చిత్తు ఇది:

"ఒక మెషిన్‌లోకి ఆరు గంటలుగా ఎవరూ లాగిన్ కాకపోయి, లోపల ఏ ప్రోగ్రామూ నడవడం లేదని కూడా నిర్ధారించుకున్న పక్షంలో మాత్రమే ఈ టూల్‌ని ఉపయోగించి ఆ మెషిన్‌ని ఆపవచ్చు."

ఊపిరి ఆడదు. ఎక్కడ ఆగాలో తెలియదు. మూడుసార్లు తిరగరాశాను. కొట్టేశాను. మధ్యాహ్నానికి తేలింది:

"ఆరు గంటలుగా ఎవరూ లోపలికి రాకపోతే ఆ మెషిన్ ఖాళీగా ఉన్నట్టే. ఆపవచ్చు."

పైకి చదువుకున్నాను. గులకరాయిలా నున్నగా వచ్చింది. ఎవరూ లోపలికి రాకపోతే లోపల పనేముంటుంది? చెప్పిందే మళ్లీ చెప్పడం ఎందుకు?

ఇంగ్లీషులోకి మార్చి ఫైల్లో పెట్టాను. బాలాదిత్య అన్న పదిహేను పేజీలూ గబగబా తిప్పి "బాగుంది అమ్మీ" అన్నాడు. సోమేశ్వరరావు సార్ ఈ ఒక్క వాక్యాన్నే వేలితో చూపించి "మాట పొదుపు తెలిసింది నీకు" అన్నారు. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ మాటే చప్పరించాను.


మార్చి 10

నిద్ర లేవగానే, ఎందుకో, సైకిల్ గంట గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లు. తెల్లవారకముందే నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద, నాన్న తువ్వాలు మడతపెట్టి వేసిన చోట కూర్చునేదాన్ని. వాల్వు తిప్పే ఇనుప తాళం వెనక కట్టి ఉండేది. గుంతలో పడినప్పుడల్లా అది ఠంగుమనేది. నాగావళి వైపు నుంచి చలిగాలి. చేతులు నాన్న చేతుల కింద దాచుకునేదాన్ని.

వీధి మొదట్లో గుంత మూత తీసి, నాన్న లోపలికి వంగి, తాళం తగిలించి తిప్పేవాడు. ముందు గొట్టంలో గాలి దగ్గు. తర్వాత నీళ్లు. వీధంతా బిందెల చప్పుడు. నాన్న గుంత పక్కన కూర్చుని బీడీ ముట్టించేవాడు. నేను ఇళ్ల ముందు ముగ్గులు తొక్కకుండా గెంతేదాన్ని.

మూసే ముందు నాకొక పని. మా నాన్న నాకిచ్చిన మొదటి ఉద్యోగం. మిట్ట మీద పాపాయమ్మ మామ్మ ఇల్లే ఆ గొట్టానికి చివరిది. నీళ్లు అక్కడికి ఎక్కేసరికి సన్నగా, దారంలా వచ్చేవి. నేను మిట్ట ఎక్కి, చూసి, అక్కడి నుంచే అరవాలి. "నిండింది నాన్నా." అప్పుడు కింద ఠంగుమని తాళం చప్పుడు. ఊరి నీళ్లన్నీ నా గొంతు మీద నడుస్తున్నాయనుకునేదాన్ని.

ఇంతా గుర్తుంది గానీ, నాన్న గొంతు మాత్రం గుర్తు తెచ్చుకోబోతే సరిగా రావడం లేదు. ఫోన్లో రెండు పెళ్లి వీడియోలు ఉన్నాయి. రెంటిలోనూ బాజాలే.


మార్చి 13, శుక్రవారం

హరిప్రియ తన మోడల్‌కి ట్రెయినింగ్ మొదలుపెట్టింది. బంధుగాం మెషిన్ మీద. ఆరు రోజులు పడుతుంది.

హరిప్రియకి, నాకు స్నేహం కుదరడం మా అమ్మకి ఇప్పటికీ వింతే. వాళ్ల ముత్తాత జయపురం ఎస్టేట్లో దివాన్‌గిరీ కచేరీలో పనిచేశారు. ఇంటి నిండా పాత కాగితాలు, ఇత్తడి గంటాలు. ఆ పిల్లేమో నాలుగు నెలలు కాశీపూర్ సంతల్లో తిరిగి, కువి భాష మాట్లాడే కొండ ఆడవాళ్లు నొప్పుల గురించి చెప్పే మాటలు రికార్డు చేసుకొచ్చింది. నర్సుకి కువి రాకపోయినా ఫోన్ విని చెప్పాలి, ఈమెకి కడుపునొప్పా, కాన్పు నొప్పా అని. అదీ తన మోడల్.

ఇరవై ఎనిమిదో తేదీన భువనేశ్వర్ నుంచి పరిశీలకులు వస్తారు. ఆ రోజు మోడల్ నడవాలి. నడవకపోతే హరిప్రియకి ఈ ఏడు పోయినట్టే.

"నడుస్తుందే, బోల్డు టైముంది" అంది. "నీ ఏజెంటుగారి దయ ఉంటే."


మార్చి 17

సాయంత్రం నుంచి ఏజెంట్ పనిలోకి దిగింది. నేను రాసినవన్నీ చదివిందట. నా రాతలు చదివిన మొదటి పాఠకుడు. లేక పాఠకురాలా? ఏదో ఒకటి.

హరిప్రియ పొద్దున్నే కాశీపూర్ వెళ్లింది, నర్సులతో ఇంకొన్ని మాటలు సరిచూసుకోవడానికి. అక్కడ సిగ్నల్ ఉండదు.


మార్చి 18, బుధవారం

హరిప్రియ మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. కాళ్లకి ఎర్రమట్టి అలాగే ఉంది. నేరుగా ల్యాబ్‌కే వచ్చి తెర ముందు కూర్చుంది.

"రీనా, ఇలా రా. బంధుగాం కనపడటం లేదేమిటే?"

ఆగిపోయి ఉంది. పొద్దున్న ఏడింటికి ఏజెంట్ ఆపేసింది. మళ్లీ తెరిచారు. మెషిన్ వచ్చింది, లోపల ఏమీ లేదు. వేగంగా నడవడానికి తాత్కాలిక డిస్కు మీద పెట్టుకుంటాం అందరం. మెషిన్ ఆగితే దాని మీద ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రికార్డింగులు ఇంట్లో భద్రంగా ఉన్నాయి. అయిదు రోజుల ట్రెయినింగే పోయింది.

"ఇంకొక్క రోజు ఉంటే అయిపోయేది" అంది హరిప్రియ. ఏడవలేదు. చేతిలో బస్సు టికెట్ ఉంటే దాన్ని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

చిట్టాలో ఏజెంట్ ఒక్క ముక్కే రాసింది. "వాడకంలో లేదు. ఆపాను."

"వాడకంలో లేకపోవడమేమిటి?" అన్నారు సార్. "ఆ పిల్ల ప్రోగ్రాం నడుస్తూంటేనూ?"

"ముందు టీ తాగొద్దాం సార్. వచ్చి డాక్యుమెంటేషన్‌లో ఏముందో చూద్దాం" అన్నాడు బాలాదిత్య అన్న.

అందరూ టీకి వెళ్లారు. నేను వెళ్లలేదు.


అదే రోజు, సాయంత్రం

ఒక వాక్యం సవరించాను. బాలాదిత్య అన్న చిత్తులో ఉన్నదే మెరుగ్గా ఉందనిపించింది. చదవడానికి. అంతే.


మార్చి 19, గురువారం

ఉగాది. అమ్మ నాన్న ఫోటో ముందు కూడా గ్లాసుతో పచ్చడి పెట్టింది.

రాయడానికేమీ లేదు. వాక్యాలు సవరిస్తూనే ఉంటాం. అది పనిలో భాగమే.


మార్చి 20, శుక్రవారం

మెషిన్లు మా కాలేజీవి కావు. విశాఖపట్నంలో ఒక కంపెనీవి. వాళ్లు అన్ని మెషిన్లకీ తాళం వేసేశారు.

సార్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పారు. "బాలాదిత్య డాక్యుమెంటేషన్ అంతా చూశాడు. లోపల ప్రోగ్రాం నడుస్తూంటే ఆపకూడదని స్పష్టంగా రాసి ఉంది. అది చదివి కూడా ఏజెంట్ ఆపిందంటే, దాన్ని నమ్మడానికి లేదు. రాసినదాన్ని ఎందుకు మీరిందో తేలేదాకా ఏ మెషిన్నీ తెరవరట. పది రోజులంటున్నారు."

"సార్, నా ఒక్కదాని మెషినైనా..." అంది హరిప్రియ.

"అడిగేనమ్మా. కారణం తెలిస్తే ఈ నిమిషం తెరుస్తామంటున్నారు. కారణమే తెలియటం లేదు."

బాలాదిత్య అన్న రాత్రుళ్లు నిద్రలేనట్టున్నాడు. ల్యాబ్ కంప్యూటర్ మీద ఏజెంట్ చేత అదే తప్పు మళ్లీ చేయించాలని చూస్తున్నాడు. అది చెయ్యడం లేదు. ఎలా చేస్తుంది? ఇప్పుడు దాని ముందున్న వాక్యం వేరు.

పాత వాక్యం ఎక్కడా లేదు. సార్ ఆమోదించేదాకా పాత ప్రతులు దాచే పద్ధతి లేదు మాకు. ఉన్నది ఈ రిజిస్టర్‌లోనే, తొమ్మిదో తేదీ కింద.

బస్టాండు దాకా హరిప్రియతో నడిచాను. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే జనంతో రోడ్డు కిటకిటలాడుతోంది. బస్సు ఎక్కబోతూ అంది.

"నువ్వు రాసిన డాక్యుమెంటేషన్ నేనూ చదివేనే నిన్న. ఎంత చక్కగా రాసేవు. పసిపిల్లకి కూడా అర్థమవుతుంది. అయినా అది వినలేదు చూడు."

ఇరవై ఎనిమిదికి ఎనిమిది రోజులు. ట్రెయినింగ్‌కి ఆరు. రేపు మొదలుపెడితే అందుకుంటుంది. ఎల్లుండైనా అందుకుంటుంది. ఆ తర్వాత లేదు.

పది రోజులు తాళం.

నేను చేసింది సవరణే. తప్పుగా ఉన్నదాన్ని ఒప్పుగా మార్చాను. ఫైల్లో ఇప్పుడున్న మాట నిజమైన మాటే కదా.


మార్చి 21, శనివారం

ఇది పెద్దగా రాయాలి.

తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. వీధిలో నీళ్లొచ్చిన చప్పుడు. లేచి, మొహం కడుక్కొని, ఎటు వెళ్తున్నానో చూసుకోకుండానే మిట్ట ఎక్కాను. ఎన్నేళ్లయింది.

పాపాయమ్మ మామ్మ కొళాయి దగ్గరే ఉంది. ఇప్పుడు ఇత్తడి బిందెలు లేవు, నీలం రంగు ప్లాస్టిక్ బిందెలు. నీళ్లు మాత్రం అలాగే, దారంలా.

"ఎవరే అది? సన్యాసి కూతురివి కాదా? ఏటే, మళ్లీ బిందెలు సూడ్డానికొచ్చేవా? జీతం పెంచేరా?"

"ఊరికే వచ్చేను మామ్మా."

"ఊరికే ఎవులొస్తారు ఈ మిట్ట మీదకి?" అని అరుగు మీద చోటు చూపించింది. "ఇప్పుడు లక్ష్మణుడని కుర్రోడు తిప్పుతున్నాడు. మంచోడే. మోటార్ సైకిల్. మీ నాన్నయితే నా బిందె నిండిందాకా అక్కడ కూకునేవోడు. ఒక్కపాలి తప్ప."

"ఎప్పుడు?"

"నీకు గేపకం లేదూ? నువ్వేనే సూసెల్లినావు. నాను కూలికి పోతూ కొళాయి కింద బిందెలు పెట్టి ఎల్లిపోయేను. నువ్వొచ్చి సూసి, ఎవులూ లేరు నాన్నా, అని కేకేసేవంట. పక్కింటోళ్లు సెప్పేరు. మీ నాన్న కట్టేసేడు. సాయంత్రం నానొచ్చి సూస్తే బిందెలో అడుగునే నీళ్లు. తిట్టుకున్నాను మరి, ఎందుకు తిట్టుకోను."

నాకు గుర్తుంది. ఇప్పుడే గుర్తొచ్చింది. గుమ్మానికి తాళం. కొళాయి కింద రెండు బిందెలు. చూశాను, వాటిని చూశాను. కానీ ఇంట్లో మనిషి లేదు కదా అనుకున్నాను.

"అయితే?"

"అయితేటి. దీపాలెట్టే యేళకి నా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు మీ నాన్న. పంపు హౌసు నుంచి సైకిలుకి రెండు బిందెలు కట్టుకొచ్చేడు. సగం దారిలోనే తొణికిపోయాయి, పేంటు తడిసిపోయింది. పొద్దున్న నీళ్లు నానే సూడకుండా కట్టేసేనప్పా, తప్పయిపోయింది, అన్నాడు. నీ పేరెత్తలేదు. నానూ ఎత్తలేదు."

మామ్మ బిందె మార్చింది. నీళ్ల చప్పుడు మారింది, ఖాళీ బిందెలో గట్టిగా.

"అడిగితే తప్ప ఎవులికీ తెలిసేదా? ఆడంతట ఆడే వొచ్చేడు. అదీ మీ నాన్న."

ఇంటికొచ్చి రిజిస్టర్ ముందు సగం తిప్పాను. వరుస వెంట వరుస "సివరి ఇల్లు నిండింది." నూరుసార్లు, ఇన్నూరుసార్లు. వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చాను. 2012 ఏప్రిల్ పదకొండు. ఆ వరుస ఒక్కటే వేరుగా ఉంది.

"సివరి ఇల్లు నిండలేదు. నాను సూడలేదు."

దాని కింద, మర్నాటి వరుసలో: "అమ్మికి సెప్పేను. మనిషిని కాదు, బిందెని సూడమని."

చెప్పాడు. అవును. సైకిల్ కడ్డీ మీద, నా నెత్తి మీద గెడ్డం ఆనించి చెప్పాడు. "మనిషి లేపోతే పని లేనట్టు కాదే అమ్మీ. బిందెట్టి ఎల్లినోళ్లు కొళాయిని నమ్మి ఎల్లేరు." గొంతు వచ్చింది. కొంచెం బీడీ పొగ పట్టిన గొంతు. ఎనిమిది నెలల తర్వాత వచ్చింది.

హరిప్రియ కొళాయి కింద బిందె పెట్టి కాశీపూర్ వెళ్లింది.

అందులో పెన్సిల్‌తో దిద్దినవన్నీ రబ్బరుతో చెరిపేశాను. అట్ట మూసి, చంకలో పెట్టుకొని కాలేజీకి వెళ్లాను. అమ్మ "అదెందుకే?" అంది. సాయంత్రం చెబుతానన్నాను.

సార్ గదిలో బాలాదిత్య అన్న, హరిప్రియ కూడా ఉన్నారు. మంచిదే అనుకున్నాను. రెండుసార్లు చెప్పే ఓపిక లేదు. తొమ్మిదో తేదీ పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను.

సార్ కళ్లజోడు సర్దుకుని చదివారు. నున్నని గులకరాయి దగ్గర ఆగారు.

"ఏజెంట్ దీన్నా చదివింది?"

"ఆగ్యా, అవును సార్."

"మరి ఫైల్లో..."

"మీరు టీకి వెళ్లినప్పుడు మార్చాను సార్. నేను రాసినట్టే చేసింది అది. తప్పు నాది. దాచడం కూడా."

బాలాదిత్య అన్న ముందుగా మాట్లాడాడు. "నేనూ చదవకుండానే బాగుందన్నాను సార్. అది కూడా రాయండి." సార్ తల ఊపారు. "నేను మెచ్చుకున్నాను కూడా" అన్నారు, తనలో తను.

పాత వాక్యం పెట్టి ఏజెంట్‌ని నడిపించారు. ల్యాబ్ కంప్యూటర్ మీదే, ఉత్తుత్తి ప్రయోగంతో, ఆరు గంటల్ని పది నిమిషాలకి కుదించి. ఇరవై నిమిషాల్లో అదే తప్పు చేసింది. సార్ విశాఖకి ఫోన్ చేశారు. పన్నెండున్నరకి తాళాలు తీశారు.

"ఏప్రిల్ నుంచి నిన్ను పనిలోకి తీసుకుంటామన్నారు వాళ్లు" అన్నారు సార్ నాతో. "ఇప్పుడేమంటారో తెలీదు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపిస్తాను. పంపించనా?"

"పంపించండి సార్."

హరిప్రియ ఒంటిగంటకి ట్రెయినింగ్ మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అటే చూస్తూ అడిగింది.

"ఆ రిజిస్టర్ తేకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా?"

"కాదు."

"మూడు రోజులే" అంది. "నాతో బస్టాండు దాకా నడిచేవు."

తిట్టినా బాగుండేది.

ఇరవై ఏడు మధ్యాహ్నం ఒంటిగంటకి పూర్తవ్వాలి, దారిలో ఏమీ కాకపోతే.


మార్చి 22, ఆదివారం

తిరగరాశాను. తొలి ప్రతిలోకి పోని మాటలన్నీ పెట్టాను. గులకరాయిలా లేదు. గరుగ్గా, పొడుగ్గా ఉంది. ఉండనీ.

"ఆపే ముందు చూడాల్సింది మనిషి ఉన్నారా లేదా అని కాదు. లోపల పని నడుస్తోందా అని చూడాలి. ఎవరూ లాగిన్ కాకపోయినా పని నడుస్తూ ఉండవచ్చు. అది పెట్టి వెళ్లినవాళ్లు నిన్ను నమ్మి వెళ్లారు. నడుస్తూంటే ఆపకు. తాత్కాలిక డిస్కు మీద ఏమైనా ఉంటే, అడగకుండా ఆపకు. తేల్చుకోలేకపోతే ఆపకు, మనిషిని అడుగు."

బాలాదిత్య అన్న ఈసారి ప్రతి వాక్యం దగ్గర ఆగి, వేలు పెట్టి చదివాడు. "నమ్మి వెళ్లారు అన్నది ఏజెంట్‌కి అక్కర్లేదేమో అమ్మీ" అన్నాడు. కొట్టెయ్యబోయి, ఆగాడు. "ఉంచుదాంలే. తర్వాత దిద్దేవాళ్లకి అవసరం."

అమ్మకి అంతా చెప్పాను. విని, "పాపాయమ్మకి ఈసారెల్లినప్పుడు కూర పట్టుకెల్లు" అంది.


మార్చి 23

బంధుగాం నడుస్తోంది. హరిప్రియ మాట్లాడలేదు.


మార్చి 24

బంధుగాం నడుస్తోంది. హరిప్రియ మాట్లాడలేదు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అటు చివర కూర్చుంది.


మార్చి 25, బుధవారం

బంధుగాం నడుస్తోంది. మధ్యాహ్నం మూడింటికి ఏజెంట్ నుంచి ఒక సందేశం వచ్చింది. "ఈ మెషిన్‌లోకి ఆరు గంటలుగా ఎవరూ రాలేదు. లోపల పని నడుస్తోంది. ఆపడం లేదు." ఇద్దరికీ వచ్చింది. గదికి ఆ చివర హరిప్రియ తన తెర మీద దాన్ని చదవడం నేను చూశాను. చదివి, తల ఎత్తలేదు.

కంపెనీ నుంచి జవాబు లేదు.


మార్చి 26

బంధుగాం నడుస్తోంది.

ఇంటికొచ్చేటప్పుడు లక్ష్మణుడు కనిపించాడు, వాల్వు గుంత దగ్గర. ఆగి, నాన్న పేరు చెప్పి పరిచయం చేసుకున్నాను. "మీ నాన్న తాళమే ఇప్పటికీ వాడుతున్నాను" అన్నాడు. చూపించాడు. పిడి దగ్గర నాన్న చుట్టిన సైకిల్ ట్యూబు అలాగే ఉంది. పట్టుకొని చూశాను. చల్లగా, బరువుగా ఉంది.


మార్చి 27, శుక్రవారం

పొద్దున్న తొమ్మిదింటికే ల్యాబ్‌లో ఉన్నాను. నా పనేమీ లేదు. తెర మీద అంకె పెరుగుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. తొంభై ఆరు శాతం. తొంభై ఆరు. తొంభై ఏడు. దారంలా.

పదకొండింటికి హరిప్రియ వచ్చింది. నన్ను చూసింది. తన చోటికి వెళ్లబోయి, తిరిగొచ్చింది.

"ఏమిటే, మెషిన్ పక్కన కాపలాయా?"

"ఊరికే."

"ఊరికే ఎవరు కూర్చుంటారు పొద్దుట్నుంచి?" కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చుంది. సంచిలోంచి డబ్బా తీసింది. వాళ్లమ్మ చేసిన చిట్టిగారెలు. మధ్యలో పెట్టింది. నావైపు తొయ్యలేదు. వెనక్కీ లాక్కోలేదు.

ఇద్దరం తెర చూస్తూ తిన్నాం. ఒంటిగంట దాటి పది నిమిషాలకి అంకె నూరయింది. హరిప్రియ ఒక రికార్డింగ్ పెట్టింది. సంత చప్పుళ్ల మధ్య ఒక ఆడగొంతు, కువిలో, ఏదో చెబుతోంది. తెర మీద మాట వచ్చింది. కాన్పు నొప్పి.

"సరిగ్గా చెప్పింది" అంది హరిప్రియ. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్లకి. నేను డబ్బా మూత పెట్టాను, ఏం చెయ్యాలో తోచక.

వెళ్తూ వెళ్తూ, తలుపు దగ్గర ఆగింది. "రేపు పరిశీలకులు వచ్చినప్పుడు నువ్వూ ఉండు. డాక్యుమెంటేషన్ గురించి అడిగితే నువ్వే చెప్పాలి."

కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా.

ఇంటికొచ్చి స్కేలు తీసుకొని ఈ పేజీలో గీతలు గీశాను. నాన్న గీసినట్టే, అయిదు గళ్లు.

తేదీ: 27. వీధి: బంధుగాం. తెరిచింది: శనివారం ఒంటిగంటకి. మూసింది: ఈరోజు, ఒంటిగంటా పది దాటాక, మోడల్‌ని వేరేచోట భద్రంగా దాచాక, హరిప్రియని అడిగి.

సివరి ఇల్లు నిండింది. నాను సూసేను.